పురుగుమందు డబ్బా మీది ఇంగ్లీషు పాఠం

ఆదోని, ఎమ్మిగనూరు వైపు పత్తి చేలల్లో కొట్టే పురుగుమందు డబ్బా ఏదైనా తీసి తిప్పి చూడండి. లేబులు మీద మూల మీద నిలబెట్టిన చతురస్రం ఒకటి ఉంటుంది. దాన్ని నడిమికి రెండు త్రికోణాలుగా విడగొట్టి ఉంటారు. కింది సగంలో రంగు, పై సగంలో మాట. కింద ఎరుపుంటే పైన పుర్రె, అడ్డంగా రెండు ఎముకలు, ‘పాయిజన్’ అని ఎర్రటి అక్షరాలు. పసుపుంటే పుర్రె ఉండదు, ‘పాయిజన్’ మాత్రం ఉంటుంది. నీలానికి ‘డేంజర్’. ఆకుపచ్చకు ‘కాషన్’. లేబులు ముఖభాగంలో కనీసం 16వ వంతు జాగా ఈ గుర్తుకు వదలాలని 1971 నాటి ఇన్సెక్టిసైడ్స్ రూల్స్ చెబుతాయి.

ఈ నాలుగింటినీ హైస్కూలు పిల్లలకు చూపి ఏది ఏమిటని అడిగితే, ఆకుపచ్చ దగ్గర చాలామంది ‘సేఫ్’ అనేస్తారు. తప్పు వాళ్లది కాదు. సిగ్నల్ లైటూ బిస్కెట్ ప్యాకెట్ మీది శాకాహార చుక్కా ఆకుపచ్చంటే పరవాలేదనే నేర్పాయి. పురుగుమందు లేబులు మీద ఆ రంగుకు అర్థం ‘మిగతా మూడింటి కంటే తక్కువ విషం’ అని మాత్రమే. ఇంట్లో లేబులు చదవగలిగింది హైస్కూలు పిల్లవాడు ఒక్కడే అయిన పల్లెలు మన జిల్లాల్లో ఇంకా ఉన్నాయి. వాడికి ‘కాషన్’ స్పెల్లింగ్ వచ్చు. ఆ రంగు, ఆ ఆకారం, ఆ మాట కలిసి ఏం చెబుతున్నాయో చదవడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

ఇది ఇంగ్లీషు టీచరు పనేనా, సైన్సు టీచరు పని కదా అనేవాళ్లు ఉంటారు. ఇంగ్లీషు టీచరు పనే. బడి దాటాక ఈ పిల్లలకు ఎదురయ్యే ఇంగ్లీషులో ఎక్కువ భాగం పేరాల రూపంలో ఉండదు. లేబుల్లో, దరఖాస్తు ఫారంలో, ఫోన్ తెరలో, బ్యాంకు రసీదులో, రోడ్డు బోర్డులో ఉంటుంది. మనం మాత్రం బొమ్మను పాఠానికి ముందు పలకరింపుగా వాడుకుంటున్నాం. యూనిట్ మొదట్లో ఫేస్ షీటు అనే బొమ్మ పేజీ, దాని కింద మూడు ప్రశ్నలు, ‘ట్రీ’, ‘మ్యాన్’, ‘విలేజ్’ అని కోరస్, పేజీ తిప్పేయడం. పదో తరగతిలో పై చార్టు (గుండ్రాన్ని ముక్కలు చేసి చూపే గ్రాఫు) ప్రశ్న దగ్గర మళ్లీ బొమ్మ గుర్తొస్తుంది, అది కూడా గైడులోని వాక్యాలు బట్టీ పట్టించడానికి. మధ్యలో నాలుగేళ్లు పోయాయి.

దీనికి సిద్ధాంతం లేక కాదు. న్యూ లండన్ గ్రూపు పేరుతో పదిమంది పండితులు 1996లో హార్వర్డ్ ఎడ్యుకేషనల్ రివ్యూలో వ్యాసం రాశారు. అర్థం మాటల్లోనే కాక చూపులో, శబ్దంలో, సైగలో, చోటులో కూడా ఏర్పడుతుందని, బడి వీటన్నిటినీ నేర్పాలని వాళ్ల వాదన. అప్పట్నుంచి ఆ ఐదు పేర్లూ ట్రైనింగుల్లో స్లైడ్లుగా వచ్చిపోతూనే ఉన్నాయి. స్లైడు చూడటం కంటే ధర్మవరం దగ్గర నిమ్మలకుంట వాళ్ల తోలుబొమ్మలాట చూడటం నయం. పద్యం, రంగులద్దిన తోలు, చెయ్యి కదిలే తీరు, హార్మోనియం, తెరకూ దీపానికీ మధ్య ఎడం, ఐదూ ఒకేచోట దొరుకుతాయి. బొమ్మను తెరకు ఆనిస్తే గీత స్పష్టంగా ఉంటుంది, దీపం వైపు జరిపితే నీడ పెరిగి అంచులు మసకబారతాయి. ఆ ఎడం కూడా కథ చెప్పే పనిలో భాగమే. ఎనిమిదో తరగతి పిల్లలకు అట్టముక్క, పాత పంచె, ఫోను టార్చి ఇచ్చి ఇది చేయిస్తే అరగంటలో అర్థమవుతుంది. సరే, మళ్లీ డబ్బా దగ్గరికి వద్దాం.

ముందు ఒక జాగ్రత్త. ఖాళీ డబ్బాలు పిల్లలతో తెప్పించొద్దు. కడిగినా మందు పూర్తిగా పోదు, సంచిలో అన్నం క్యారియరు పక్కనే పెట్టుకొస్తారు. మందుల అంగట్లో లేబుళ్లను ఫోన్లో ఫోటో తీసుకోండి. లేకపోతే రంగు సుద్దలతో బోర్డు మీద నాలుగు గుర్తులూ గీయండి, అదే తేలిక.

మొదట మాటలూ పుర్రే లేకుండా రంగులు మాత్రమే, వరుస మార్చి గీయాలి. ఇద్దరిద్దరుగా కూర్చుని ఎక్కువ ప్రమాదం నుంచి తక్కువకు వరుస పేర్చి, కారణం ఒక్క ముక్కలో రాయాలి. ఎరుపు మీద తగవుండదు. పసుపూ నీలమూ దగ్గర గొడవ మొదలవుతుంది. ఆ గొడవ తెలుగులోనే జరగనివ్వండి. ఇక్కడ ‘ఓన్లీ ఇంగ్లీష్’ అంటే తరగతి చప్పబడిపోతుంది, మాట్లాడే నలుగురే మాట్లాడతారు. పది నిమిషాల తర్వాత మాటలూ పుర్రే చేర్చండి. ఇప్పుడు అసలు ప్రశ్న: ఎరుపుకూ పసుపుకూ ‘పాయిజన్’ ఒకటే అయినప్పుడు, రెండింటికీ తేడా ఎక్కడుంది? పుర్రెలో ఉంది. మాట చెప్పని సంగతి బొమ్మ చెబుతోంది. ఆ తర్వాత నీలం, ఆకుపచ్చ చూడమనండి. అక్కడ ఏ బొమ్మా లేదు, రంగు కాకుండా తేడా మొత్తం మాటలోనే ఉంది. ఒకే గుర్తులో ఒకచోట బరువు బొమ్మ మీద, ఇంకోచోట మాట మీద పడిందని పిల్లలు తామే కనుక్కుంటారు. ఈ ఎరుక వచ్చాక ఏ పోస్టరు ఇచ్చినా ‘దీంట్లో మాట ఏం మోస్తోంది, బొమ్మ ఏం మోస్తోంది’ అని అడగొచ్చు.

తర్వాత అంకెలు. ఈ వర్గాలకు ఆధారం, ప్రయోగంలో సగం జంతువులను చంపే మోతాదు. నోటి ద్వారా లోపలికి వెళ్తే, కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల వరకు ఎరుపు, 51 నుంచి 500 వరకు పసుపు, 501 నుంచి 5,000 వరకు నీలం, ఆపైన ఆకుపచ్చ. ఇక్కడ తరగతి తలకిందులవుతుంది. అంకె పెద్దదైతే విషమూ పెద్దదే అనుకుని ఆకుపచ్చను పైకి తెచ్చేస్తారు. ‘చంపడానికి చెంచాడు చాలినది ఎక్కువ విషమా, బిందెడు కావలసినది ఎక్కువ విషమా’ అని అడిగితే సర్దుకుంటారు. అప్పుడు వాక్యాలు: ‘రెడ్ ఈజ్ ద మోస్ట్ టాక్సిక్.’ ‘బ్లూ ఈజ్ లెస్ టాక్సిక్ దేన్ యెల్లో.’ చివరికి ‘గ్రీన్ ఈజ్ ద లీస్ట్ టాక్సిక్, బట్ ఇట్ ఈజ్ నాట్ సేఫ్.’ డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్ పాఠం మొత్తం ఇందులో ఉంది, ‘రామా ఈజ్ టాలర్ దేన్ సోమా’ అవసరం లేకుండా. ఆ ‘బట్’ ఉన్న వాక్యం పిల్లవాడు సొంతంగా రాయగలిగాడంటే పీరియడ్ గెలిచినట్టే. ఇంటిపని: ఇంట్లో ఎవరికైనా తెలుగులో ఈ గుర్తు వివరించి, వాళ్లేమన్నారో మరునాడు ఇంగ్లీషులో రాసుకురావడం. రిపోర్టెడ్ స్పీచ్ కూడా అక్కడే వస్తుంది.

ఇదే దారిలో 44వ నంబరు జాతీయ రహదారి ఉంది. కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండ మీదుగా పోయే ఈ రోడ్డు పక్కన ఊళ్ల పిల్లలు రోజూ చూసే బోర్డుల్లో ఆకారమే వ్యాకరణం. ఎర్ర అంచు గుండ్రం ‘యూ మస్ట్ నాట్’. నీలం గుండ్రం ‘యూ మస్ట్’. ఎర్ర అంచు త్రికోణం ‘దేర్ మే బీ’. నీలం దీర్ఘచతురస్రం ‘దేర్ ఈజ్’. మోడల్ వెర్బులను ఇంతకంటే శుభ్రంగా చూపించిన చార్టు ఏ టీఎల్ఎం (బోధనోపకరణాల) మేళాలోనూ కనబడదు. లోపలి బొమ్మ తీసేసి ఖాళీ ఆకారం మాత్రం గీసి ‘ఈ బోర్డు మనతో ఎలా మాట్లాడుతోంది, ఆర్డరా, హెచ్చరికా, కబురా?’ అని అడగండి. ఆ తర్వాత బడికి కావలసిన బోర్డులు తయారుచేయించండి. కొళాయి దగ్గర, మెట్ల దగ్గర, మధ్యాహ్న భోజనం వరుస దగ్గర. సైకిళ్లు పెట్టకూడని చోటికి త్రికోణం గీసినవాడికి బోర్డు వెనక్కి ఇచ్చి ఆకారం మార్పించాలి, స్పెల్లింగ్ తప్పును దిద్దినట్టే దీన్నీ దిద్దాలి.

ఒక బొమ్మ, ఒక పీరియడ్

ఫేస్ షీటు విషయానికొస్తే, నా అభిప్రాయం గట్టిదే: ఒక పీరియడ్‌కు ఒకే బొమ్మ. తరగతిలో ప్యానెల్ (పెద్ద డిజిటల్ తెర) ఉంది కదా అని ఇరవై బొమ్మలు తిప్పితే అది సినిమా అవుతుంది.

మొదటి రెండు నిమిషాలు మౌనంగా చూడాలి. గడియారం పెట్టి మరీ. ఇది కష్టం, ముప్పై సెకన్లకే ఎవరో చెయ్యెత్తుతారు, ఎత్తనివ్వకూడదు. తర్వాత పుస్తకం మూయించి, గుర్తున్నవి రాయించడానికి ఐదు నిమిషాలు. తెలుగైనా, ఉర్దూ అయినా, ఇంగ్లీషైనా సరే. మళ్లీ తెరిస్తే తాము చూడనిది ఎంతుందో వాళ్లకే తెలుస్తుంది. ఆ తర్వాత బోర్డు మీద రెండు వరుసలు: కనబడింది, అనుకున్నది. ఇక్కడ అడగాల్సిన ప్రశ్నలు మూడే. ఫిలిప్ యెనవైన్, అబిగేల్ హౌసెన్ మ్యూజియం బోధన కోసం రూపొందించినవి ఇవి: ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? అలా అనిపించడానికి నీకేం కనబడింది? ఇంకేం కనుక్కోగలం? రెండోదే ప్రాణం. మన ఫేస్ షీటు ప్రశ్నల్లో తరచూ లేనిదీ అదే.

ఒక పిల్లవాడు ‘ఆయప్ప కోపంగా ఉండాడు సార్’ అంటాడు. ‘ఎట్ల చెప్తావు?’ అనాలి. ‘కనుబొమ్మలు చూడండి సార్, దగ్గరికొచ్చినాయి.’ ఇప్పుడు ఇంగ్లీషు ఇవ్వాల్సిన సమయం. ‘హీ ఈజ్ యాంగ్రీ’ అని కాదు, ‘హీ లుక్స్ యాంగ్రీ బికాజ్ హిస్ ఐబ్రోస్ ఆర్ డ్రాన్ టుగెదర్.’ కోపం మనం ఊహించింది, కనుబొమ్మలు మనం చూసినవి. ‘లుక్స్’, ‘సీమ్స్’, ‘మే బీ’, ‘మస్ట్ బీ’ అనే మాటలు ఎందుకు పుట్టాయో పిల్లలకు ఇంతకంటే బాగా తెలిసే సందర్భం రాదు. బోర్డు మీద వాక్యపు చట్రాలు మూడు మించి రాయొద్దు: ‘ఐ కెన్ సీ…’, ‘ఐ థింక్… బికాజ్…’, ‘ఇట్ మే బీ… ఆర్…’. పది రాస్తే చట్రాలను కాపీ చేస్తారు, బొమ్మ వైపు చూడరు. పది నిమిషాలు గ్రూపుల్లో ఆధారాలు వెతకడం, పన్నెండు నిమిషాలు రాయడం, మిగిలిన కాస్తలో పక్కవాడి రాతలో ‘బికాజ్’ లేని ‘ఐ థింక్’ కింద గీత గీయడం. 45 నిమిషాలకు సరిపోతుంది.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. అన్నిటికంటే ఎక్కువగా చెడేది నీతి దగ్గర. నెర్రెలిచ్చిన చేను, గట్టు మీద కూర్చున్న రైతు, ఈ ఫోటో పెట్టగానే ‘వుయ్ షుడ్ సేవ్ ట్రీస్’ అని వచ్చేస్తుంది. ఫోటోలో చెట్టే ఉండదు. అయిదో తరగతి నుంచి స్లోగన్లు రాయించీ రాయించీ బొమ్మ అంటే సందేశం అని మనమే అలవాటు చేశాం. మందు ఒకటే: చివరి ఐదు నిమిషాల దాకా ఆ గదిలో ‘షుడ్’ నిషేధం. ఎవరు పలికినా ‘ఎక్కడ కనబడింది?’ అని తిరిగి అడగడం. రెండు మూడు పీరియడ్లు ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత రైతు చేతిలో ఏముందో, నీడ ఏ వైపు పడిందో, అది పొద్దున్నో సాయంత్రమో అని చూడటం మొదలవుతుంది.

రెండోది ఎక్కడుందో చెప్పే భాష. పిల్లలు వస్తువుల పేర్లు చెప్పగలరు, చోటు చెప్పలేరు. ‘ట్రీ బిహైండ్ మ్యాన్ ఈజ్ దేర్’ దగ్గర ఆగిపోతారు. ఫోర్‌గ్రౌండ్, బ్యాక్‌గ్రౌండ్, టాప్ లెఫ్ట్, బాటమ్ రైట్, ఇన్ ద మిడిల్ అనే ఐదింటినీ మొదటి వారంలోనే స్థిరపరచాలి. దీనికో ఆట: ఒకడికి బొమ్మ కనబడుతుంది, వీపు తిప్పి కూర్చున్నవాడికి కనబడదు. చూసేవాడు ఇంగ్లీషులో చెబుతుంటే రెండోవాడు గీస్తాడు. ఆరు నిమిషాలు చాలు. గీసిన బొమ్మలో ఆవు ఆకాశంలో ఉందంటే ప్రిపొజిషన్ ఎక్కడ తప్పిందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

కాలాల సంగతి కూడా ఉంది. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద 16వ శతాబ్దపు చిత్రాల్లో కథలు పట్టీలుగా సాగుతాయి. అర్జునుడికీ కిరాతుడి వేషంలోని శివుడికీ పంది కోసం పడిన తగవు కూడా అందులో ఉంది. ఇలాంటి చిత్రం ముందు నిలబెట్టి ‘ఇన్ దిస్ పార్ట్, అర్జున ఎయిమ్స్…’ అని వర్తమానంలో చెప్పించి, మరుసటి రోజు అదే కథను గతంలో రాయించొచ్చు. బొమ్మను వర్ణిస్తే వర్తమానం, కథ చెబితే గతం. ఈ తేడా వర్క్‌బుక్ ఖాళీలతో రాదు.

ఎడమ నుంచి కుడికేనా?

గుంథర్ క్రెస్, థియో వాన్ లూవెన్ 1996లో బొమ్మలకూ వ్యాకరణం ఉందని సూత్రాలు కట్టారు. కెమెరా కింద నుంచి చూస్తే మనిషి పెద్దవాడవుతాడు, పై నుంచి చూస్తే చిన్నవాడవుతాడు. బొమ్మలోని మనిషి కళ్లు మన కళ్లలోకి చూస్తే మననేదో అడుగుతున్నట్టు, పక్కకు చూస్తే మన ముందు ప్రదర్శనకు పెట్టినట్టు. ఎడమవైపు ఉన్నది తెలిసినది, కుడివైపు ఉన్నది కొత్తది. మొదటి రెండూ మన తరగతుల్లో బాగా పనికొస్తాయి. మూడోది మాత్రం కర్నూల్లో, కడపలో కాస్త చూసుకుని వాడాలి. ఇక్కడ ఉర్దూ మీడియం బళ్లున్నాయి. కుడి నుంచి ఎడమకు చదివే పిల్లలకు నాలుగు గడుల కథాచిత్రం ఇస్తే కుడిపక్క గడి నుంచి మొదలుపెట్టడం సహజం. ‘ముందు–తర్వాత’ అని రెండు ఫోటోలున్న సబ్బు ప్రకటనను అలా చదివితే ముఖం మెరిసి ఆ తర్వాత నల్లబడుతుంది. అది పిల్లవాడి తెలివితక్కువతనం కాదు, రాసినవాడు వేసిన దారికీ చదివేవాడి దారికీ పొసగలేదు. గడుల మీద మొదట్లో 1, 2, 3, 4 అంకెలు వేయండి, నెల తర్వాత తీసేయండి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు కూడా కొందరు 2×2 గడుల్లో మొదటిది చూసి కిందికి దిగొచ్చు, పక్కకు పోకుండా. పేపర్లో వార్తను కాలమ్ వెంట కిందికే కదా చదువుతారు.

తుగ్గలి మండలం జొన్నగిరి దగ్గర ఎర్రగుడి అశోక శాసనాల్లో ఒకచోట ఒక వరుస ఎడమ నుంచి కుడికి, తర్వాతి వరుస కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. చదివే దారి ప్రకృతి ఇచ్చింది కాదు, మనుషులు వేసుకున్నది అని చెప్పడానికి కర్నూలు జిల్లాలోనే 2,200 ఏళ్లు దాటిన రుజువు ఉంది. ఆ పద్ధతిలో నాలుగు ఇంగ్లీషు వరుసలు బోర్డు మీద రాసి చదివించండి. ఫోన్ తెర మీద కన్ను ఎలా నడుస్తుందో అడగడానికి తోవ దొరుకుతుంది.

(ఎడమ పేజీలో ఒక భాష, కుడి పేజీలో ఇంకో భాష ఉన్న మన ద్విభాషా పాఠ్యపుస్తకాల మీద కూడా ఇలాంటి పని చేయాలి. పిల్లలు ఏ పేజీ చూస్తున్నారు, ఎప్పుడు దాటుతున్నారు? తెలుగు పేజీలోనే ఉండిపోయేవాడు, బొమ్మ దగ్గర మాత్రం ఇంగ్లీషు పేజీలోకి వస్తున్నాడా? సైన్సు టీచరుతో కలిసి ఒక పూట గమనిస్తే చాలా తెలుస్తుంది.)

ఫ్రేము బయట ఏముంది

పెళ్లిపత్రిక అట్ట నుంచి ఎల్ ఆకారపు ముక్కలు రెండు కత్తిరించండి. చేతులు 15 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు. రెండూ ఎదురెదురు పెడితే జరుపుకోగల ఫ్రేము తయారవుతుంది. ఖర్చు లేదు, ప్రతి బెంచీకీ ఒకటివ్వొచ్చు. పాఠ్యపుస్తకంలోని ఏదైనా గుంపు ఫోటో మీద దీన్ని పెట్టి, ఒక్క ముఖం మిగిలేలా బిగించి క్యాప్షన్ రాయించాలి. తర్వాత ఫ్రేము వదులు చేసి ఇంకో క్యాప్షన్. ఫోటో మారలేదు, కత్తిరింపు మారింది, వాక్యం మొత్తం మారిపోయింది.

ఇక్కడి నుంచి వాట్సాప్‌కు ఒక్క అడుగే. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పటి ఫోటోను ఎవరో ‘ఈరోజు పొద్దున’ అని పంపారనుకుందాం. ఎలా పట్టుకోవాలి? జనాల చేతుల్లో ఏ రకం ఫోన్లున్నాయి, బండ్లు ఏ మోడల్, దుకాణం బోర్డులేవి, ఫోటో ఎంత పిక్సెళ్లుగా చెదిరింది. తర్వాత ఫోన్లో గూగుల్ లెన్స్‌తో వెతికి అదే ఫోటో మొదట ఎప్పుడు కనబడిందో చూడటం. బొమ్మ కింది మాట బొమ్మ అర్థాన్ని కట్టి పడేస్తుంది. అందుకే ఒకే ఫోటోకు మూడు క్యాప్షన్లు రాయించండి: విలేకరి రాసినట్టు, ప్రభుత్వ ప్రకటనలా, పక్కింటావిడ ఫార్వర్డ్ చేసినట్టు. ఏ మాట అబద్ధమో కాదు, ఏ మాటకు ఫోటోలో ఆధారం లేదో గీత గీయించండి. ఈ రెండూ ఒకటి కావు.

పదో తరగతి వాళ్లకు బస్టాండు ముందు ర్యాంకుల ఫ్లెక్సీ కంటే మంచి పాఠ్యాంశం లేదు. మొదటి ర్యాంకు ముఖం పెద్దది, అంకె అంతకంటే పెద్దది, కిందికి పోయేకొద్దీ ముఖాలు పోస్టల్ స్టాంపు సైజుకొస్తాయి. అందరూ మనవైపే చూస్తుంటారు. ప్రశ్నలు: మన కన్ను మొదట ఎక్కడ పడింది, ఎందుకు? ఈ ర్యాంకు ఏ పరీక్షది, ఏ కేటగిరీలో, ఆ మాట ఎంత చిన్న అక్షరాల్లో ఉంది? మొత్తం ఎంతమంది పరీక్ష రాశారో ఎక్కడైనా ఉందా? ఫోటో పడనివాళ్లు ఎవరు? ‘ద ఫ్లెక్సీ షోస్…, బట్ ఇట్ డజ్ నాట్ టెల్ అజ్…’ అనే ఒక్క చట్రంతో పేజీ రాయొచ్చు. ఫ్లెక్సీ మీది పేర్లను ఫోటోలో చెరిపేయండి, వాళ్లూ పిల్లలే.

గ్రాఫు

పరీక్షలో మార్కులుండేది ఇక్కడే కాబట్టి వివరంగా. అనంతపురం జిల్లాలోని ఒక మండలంలో మూడేళ్ల వాన వరుసగా 500, 520, 550 మిల్లీమీటర్లనుకుందాం, లెక్క కోసం వేసుకున్న అంకెలివి. గ్రాఫులో నిలువు గీతను సున్నా నుంచి మొదలుపెట్టి సెంటీమీటరుకు 50 మిల్లీమీటర్ల వాన చొప్పున గీస్తే కమ్మీలు (బార్లు) 10, 10.4, 11 సెంటీమీటర్లొస్తాయి. దాదాపు సమానం. ఇప్పుడు గీతను 480 నుంచి మొదలుపెట్టి సెంటీమీటరుకు 10 మిల్లీమీటర్లు వేయండి. 2, 4, 7. మూడో ఏడు వాన మొదటి ఏడుకు మూడున్నర రెట్లు పడినట్టు కనబడుతుంది. నిజంగా పెరిగింది పది శాతం.

సగం తరగతికి మొదటి గ్రాఫు, సగానికి రెండోది ఇచ్చి, అంకెలు దాచి, ఒక్క వాక్యం రాయించండి. ఒకవైపు ‘రెయిన్‌ఫాల్ రోజ్ స్లైట్లీ’, ఇంకోవైపు ‘రోజ్ షార్ప్లీ’ వస్తాయి. రెండు గ్రాఫులూ ఒకే అంకెలవని అప్పుడు చెప్పాలి. క్రియా విశేషణం పిల్లవాడు ఎంచుకున్నది కాదు, గీత ఎక్కడ మొదలైందో అది ఎంపిక చేసింది.

గైడు పద్ధతిలో వచ్చే దోషం వేరు. ‘ద గివెన్ పై చార్ట్ షోస్…’ అని మొదలుపెట్టి ముక్క ముక్కనూ వరుసగా అప్పజెబుతారు. ఆరు ముక్కలకు ఆరు వాక్యాలు, ఒక్క పోలికా ఉండదు. దీనికి కట్టడి: మొదటి మూడు వాక్యాలు తప్పనిసరిగా పెద్దది, చిన్నది, ఆశ్చర్యంగా ఉన్నది. తర్వాత రెండు ముక్కలను కలిపి ‘టుగెదర్ మేక్ అప్ మోర్ దేన్ హాఫ్’ లాంటి వాక్యం ఒకటి. మిగతావి వదిలేయొచ్చు. అన్నీ చెప్పకపోతే మార్కులు పోతాయని టీచర్ల భయం. మూల్యాంకనంలో విడి విడి అంకెలకు మార్కులుంటే ఆ భయం నిజమే, కాబట్టి పరీక్షకు ముందు నెలలో పూర్తి జాబితా కూడా అలవాటు చేయండి. మిగతా తొమ్మిది నెలలూ పోలికకే ఇవ్వండి.

పోస్టరు, ప్యానెల్, జిరాక్స్

ఎఫ్‌ఏల్లో (ఫార్మేటివ్ అసెస్‌మెంట్లలో) ప్రాజెక్ట్ పేరుతో వచ్చే చార్టులు చూస్తే దుఃఖం. నెట్ సెంటర్లో తీయించిన రంగుల బొమ్మలు, మెరుపు అంచు, ఇంటర్నెట్ నుంచి దింపిన ఇంగ్లీషు. మార్కులు రంగుకీ నీటుకీ పడతాయి, అంటే నాన్న జేబుకు పడతాయి. నియమాలు మార్చాలి: చార్టు కాదు, ఏ4 కాగితం. రంగులు రెండే. మాటలు 12కు మించొద్దు. గీత వంకర ఉన్నా పరవాలేదు. దాంతోపాటు వెనక మూడు వాక్యాలు: ఏది పెద్దగా పెట్టాను, ఎందుకు, ఏ రంగు, ఎందుకు, ఏది తీసేశాను, ఎందుకు. 10 మార్కులుంటే 6 ఈ మూడు వాక్యాలకే ఇవ్వాలి, 2 బొమ్మకూ మాటకూ పొత్తు కుదిరిందా అన్నదానికి, 2 భాషకు. రంగుల పెన్సిళ్లు లేని పిల్లకు బొగ్గుతో గీసే హక్కు ఇందులో ఉంటుంది.

2023 నుంచి మన హైస్కూళ్లలో పెట్టిన ఇంటరాక్టివ్ ప్యానెళ్లు ఈ పనికి మంచివే, కానీ కిటికీ ఎదురుగా బిగించినచోట మధ్యాహ్నం వెలుగు పడి వెనక బెంచీకి నల్ల అద్దమే కనబడుతుంది. ఉదయం పీరియడ్లకు పెట్టుకోవాలి, లేదా పాత దుప్పటి కట్టాలి. వీడియో వాడితే 60 నుంచి 90 సెకన్ల ముక్క, ముందే డౌన్‌లోడ్ చేసినది. మొదటిసారి శబ్దం లేకుండా, రెండోసారి తెర కప్పి శబ్దం మాత్రమే, మూడోసారి రెండూ. శబ్దం మాత్రమే విన్నప్పుడు పిల్లలు ఊహించినదానికీ తెర చూపినదానికీ తేడా వచ్చినచోటే పాఠం. ఫ్యాన్లు ఆపకపోతే ప్యానెల్ స్పీకరు వినబడదు, ఏప్రిల్‌లో అనంతపురంలో ఫ్యాన్లు ఆపడం మాత్రం మీ ఇష్టం.

ప్యానెల్ లేనిచోట ఏ3 కలర్ ప్రింటు ఐదుగురికి ఒకటి. జిరాక్స్ తీసేముందు ఒకటి చూసుకోండి: ఎరుపూ ఆకుపచ్చా నలుపు–తెలుపు కాపీలో దాదాపు ఒకే బూడిద రంగయిపోవచ్చు. పురుగుమందు గుర్తును అలా కాపీ తీసి పంచితే పాఠమే పోయింది. ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టలేని పిల్లవాడు తరగతిలో ఉండొచ్చు కాబట్టి రంగు పక్కన దాని పేరు కూడా రాసి ఉంచండి. రంగు ముఖ్యం కాని చోట మందమైన గీతలున్న బొమ్మలనే ఎంచుకుంటే రూపాయి కాపీ సరిపోతుంది.

ఎన్నికల కాలంలో పార్టీల ఫ్లెక్సీలు తరగతికి తేవొద్దు. చూపు కోణం, ముఖం సైజు చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణలు లేవు, నిజమే. కానీ మన ఊళ్లలో ఆ బొమ్మ గదిలోకి రాగానే పిల్లలు బొమ్మను చదవడం మాని ఇళ్ల వైపు చీలిపోతారు. నగల దుకాణం ఫ్లెక్సీలో అదే కోణం, అదే సైజు దొరుకుతాయి.